వంటింటి సందేహాలు: నురగ నిలిచే టీ లాటే

వానలు మొదలయ్యేసరికి టీ గురించిన ఉత్తరాలు పెరిగాయి. ఈసారి ఎక్కువమంది అడిగింది కెఫేల్లో ఇచ్చే టీ లాటే గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులు ఇస్తున్నాం. వేరేగా చెప్పనిచోట కొలతలు 250 మి.లీ. పట్టే కప్పులు రెండింటికి. టీస్పూన్ అంటే 5 మి.లీ. చెంచా, అంచుకు సమంగా గీసినది.

ప్రశ్న: కెఫేలో టీ లాటే చిక్కగా, మెత్తగా ఉంటోంది. ఇంట్లో పాలు ఎక్కువ పోసి చేస్తే చప్పగా వస్తోంది తప్ప ఆ రుచి రావడం లేదు. కొలతలతో చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లోపం మీ డికాక్షన్‌లో ఉందండీ. మన ఇళ్లలో నీళ్లు, పాలు, పొడి, చక్కెర ఒకే గిన్నెలో మరుగుతాయి. లాటేకి డికాక్షన్ వేరే, పాలు వేరే. రెండూ కప్పులోనే కలవాలి. డికాక్షన్‌కి రెట్టింపుకు కాస్త తక్కువగా పాలు పడతాయి. పైగా పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ టీలోని వగరును పట్టి అణిచేస్తుంది. అందుకే రోజూ పెట్టే డికాక్షన్ అన్ని పాలలో పడితే ఆనవాలు లేకుండా పోతుంది. లాటేకి పెట్టే డికాక్షన్ ఒక చెంచా రుచి చూస్తే నాలుక ముడుచుకునేంత ఘాటుగా ఉండాలి.

180 మి.లీ. నీళ్లు తెర్లాక 3 టీస్పూన్ల అస్సాం సి.టి.సి. పొడి (చిన్న గుళికల్లా ఉండే టీ పొడి) వేయండి. సన్నని సెగ మీద 2 నిమిషాలు ఉంచి దించి, మూతపెట్టి మరో 3 నిమిషాలు వదిలేయండి. వడకడితే 140 మి.లీ. దాకా దిగుతుంది. పిప్పిని గరిటెతో నొక్కి పిండకండి, చేదంతా అందులోనే ఉంటుంది. చక్కెర 2 నుంచి 3 టీస్పూన్లు ఈ వేడి డికాక్షన్‌లోనే కరిగించండి. పైన నురగ పోశాక చక్కెర వేసి తిప్పితే నురగ చితికిపోతుంది.

పాలు 230 మి.లీ. చాలు. వాటిని పొంగనివ్వకండి. 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించాలి. థర్మామీటర్ లేకపోతే గిన్నె అంచుల వెంట చిన్న బుడగలు కట్టి, పైన ఆవిరి లేచే సమయం చూసుకోండి. 70 దాటితే కాగిన వాసన వస్తుంది, నురగ గరుకుగా తేలి త్వరగా విరిగిపోతుంది. విడిగా పోయించుకునే పాలైతే ముందే ఒకసారి బాగా కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడాలి. ఇందులో మినహాయింపు లేదు.

ముందు కప్పులో డికాక్షన్, తర్వాత చెంచాతో నురగను ఆపుతూ పాలు, చివర నురగ.

పొడి ఏది వాడాలన్నదీ చాలామంది అడిగారు. 1930ల్లో అస్సాంలో మొదలైన సి.టి.సి. పద్ధతిలో ఆకును నలిపి, చించి, గుళికలుగా చుడతారు. రంగు, ఘాటు త్వరగా దిగుతాయి కాబట్టి పాలకు తట్టుకుంటుంది. డార్జిలింగ్ ఆకు పరిమళమంతా పాలలో మునిగిపోతుంది. అంత ఖరీదైన ఆకును లాటేకి వాడటం వృథా. ఘాటు చాలలేదనిపిస్తే మరో అర టీస్పూన్ పొడి వేయండి. మరిగించే సమయం పెంచితే పెరిగేది చేదే.

ప్రశ్న: మెషీన్ లేకుండా నురగ వస్తుందా? మా ఇంట్లో బుడగలు వచ్చినట్టే వచ్చి నిమిషంలో అణిగిపోతున్నాయి. ఏ పాల ప్యాకెట్ కొనాలి?
– ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: తప్పకుండా వస్తుంది. నురగను నిలబెట్టేది పాలలోని ప్రోటీన్. కొవ్వు దానికి మెత్తదనం ఇస్తుంది. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది. టోన్డ్ పాలతో నురగ ఎత్తుగా, గట్టిగా లేస్తుంది. ఫుల్ క్రీమ్‌తో తక్కువే లేచినా నోట్లో వెన్నలా ఉంటుంది. లాటేకి ఈ రెండింటినీ సగం సగం కలిపి వాడమనే మేం చెబుతాం.

అణిగిపోవడానికి సాధారణంగా రెండు కారణాలు. పాలు వంటగట్టు మీద గోరువెచ్చగా పడి ఉండటం ఒకటి. ఆ వేడిలో సగం కరిగిన కొవ్వు బుడగల గోడల్ని చీల్చేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను నేరుగా పొయ్యి మీద పెట్టండి. రెండోది మీగడ. కాచిన పాలైతే సన్నని జాలితో వడకట్టకుండా మొదలుపెట్టకండి.

ఇక పనిముట్టు సంగతి. మజ్జిగ చిలికే చిన్న కవ్వం ఇంట్లో ఉంటే వేరే ఏదీ కొననక్కర్లేదు. వేడెక్కిన పాలను లోతైన, సన్నని గిన్నెలో మూడో వంతు వరకే పోసి, కవ్వాన్ని పాల పైభాగంలో సగం మునిగేలా పట్టి అర నిమిషం వేగంగా తిప్పండి. గాలి అక్కడే చొరబడుతుంది. తర్వాత కవ్వాన్ని అడుగుకు దించి 10 సెకన్లు నెమ్మదిగా తిప్పితే పెద్ద బుడగలు చిన్నవవుతాయి. గిన్నెను గట్టు మీద ఒకసారి తట్టండి, మిగిలిన పెద్ద బుడగలూ పగిలిపోతాయి. ఫ్రెంచ్ ప్రెస్ (జాలి ఉన్న కాడను కిందికి నొక్కి కాఫీ వడకట్టే గాజు పాత్ర) ఉంటే ఆ కాడను 20, 25 సార్లు పైకీ కిందికీ ఆడించడమే.

గ్లాసు సీసాతో చేసేవాళ్లు చల్లటి పాలు సగం వరకే పోసి, మూత బిగించి, అర నిమిషం కుదిపాక మూత తీసి మైక్రోవేవ్‌లో 30 నుంచి 40 సెకన్లు పెట్టండి. వేడికి నురగ గట్టిపడుతుంది. వేడి పాలు పోసి మూత బిగించి మాత్రం ఎప్పుడూ కుదపవద్దు. ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చేతులు కాలతాయి.

ప్రశ్న: అల్లం వేస్తే ఒక్కోసారి పాలు విరుగుతున్నాయి, బెల్లం వేస్తే దాదాపు ప్రతిసారీ! పాలు తాజావే.
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: రెండింటి కారణాలూ వేరు. పచ్చి అల్లంలో పాల ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ ఉంది. అది 60 డిగ్రీల చుట్టుపక్కల బాగా పనిచేస్తుంది. లాటే పాలు ఉండేది సరిగ్గా ఆ వేడిలోనే. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో కేవలం అల్లం రసంతో పాలను జున్నులా తోడుపెట్టే మిఠాయే ఉంది. మరిగితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి దంచిన అల్లం అంగుళం ముక్కను నీళ్లలో వేసి 4, 5 నిమిషాలు తెర్లనిచ్చాకే పొడి వేయండి. ఆవిరైపోయేదానికి లెక్కగా నీళ్లు 40 మి.లీ. ఎక్కువ పోయండి. అల్లాన్ని నేరుగా పాలలో తురమడం మానేయండి.

బెల్లంతో వచ్చేది పులుపు సమస్య. పాతబడ్డ బెల్లంలో అది ఇంకా ఎక్కువ. పాలతో కలిసి మరిగితే విరగడం ఖాయం. తురిమిన బెల్లం 4 టీస్పూన్లు డికాక్షన్‌లో కరిగించి, ఇసుక ఉంటే పోయేలా మళ్లీ వడకట్టి, రెండు నిమిషాలు ఆగి, మరగని పాలను అందులో పోయండి. కలిశాక పొయ్యి మీద పెట్టకండి. నల్ల బెల్లం కొత్తదైతే రుచికి మించింది లేదు.

దాల్చినచెక్క, లవంగం, మిరియాలు అల్లంతోపాటే మరగాలి. యాలకులు దంచి, దించేముందే వేయాలి. ముందే వేస్తే వాసన వంటింట్లోనే తిరుగుతుంది, కప్పులోకి రాదు.

ప్రశ్న: హైదరాబాద్ ఇరానీ చాయ్ కూడా డికాక్షన్, పాలు వేరుగా చేసేదే కదా. దమ్ పద్ధతి ఇంట్లో కుదురుతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కుదురుతుంది. పద్ధతి ఒకటే అయినా ఇందులో నురగ ఉండదు, పాల చిక్కదనమే ప్రధానం. నాలుగు చిన్న కప్పులకు అడుగు మందంగా ఉన్న గిన్నెలో 400 మి.లీ. నీళ్లు, 4 టీస్పూన్ల డస్ట్ టీ, 3 టీస్పూన్ల చక్కెర, 2 యాలకులు వేయండి. గిన్నె సగం ఖాళీగా ఉండాలి. ఒక తెర్లు రానిచ్చి, మూత అంచుకు చపాతీ పిండి చుట్టి, పెనం మీద పెట్టి అతి సన్నని సెగ మీద 20 నిమిషాలు ఉంచండి. తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి, ఆవిరి గుప్పున వస్తుంది.

ఈలోగా పక్క పొయ్యి మీద అర లీటరు ఫుల్ క్రీమ్ పాలను అడుగంటకుండా తిప్పుతూ 350 మి.లీ.కి మరిగించి, 2 పెద్ద చెంచాల కండెన్స్‌డ్ మిల్క్ కలపండి. కప్పులో సగం డికాక్షన్, సగం పాలు. ఎక్కువసేపు మరిగిస్తే చేదని పైన చెప్పి, ఇక్కడ 20 నిమిషాలు అంటున్నారేమిటని సందేహం రావచ్చు. దమ్‌లో వగరు దిగడం నిజమే. మరిగి చిక్కబడిన తీపి పాలు దాన్ని మోయగలవు. మామూలు పాలు మోయలేవు. దమ్ డికాక్షన్‌ను లాటేకి వాడకండి. పక్కన ఉస్మానియా బిస్కట్ ఉంటే చక్కెర ఒక టీస్పూన్ తగ్గించుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి పాలు పడవు. బాదం పాలతో చేస్తే విరిగినట్టు తునకలు తేలుతున్నాయి.
– ఒక పాఠకురాలు, డాలస్, అమెరికా

జవాబు: టీలోని కొద్దిపాటి పులుపు, వేడి కలిస్తే బాదం, సోయా పాల ప్రోటీన్ గడ్డకడుతుంది. ఓట్ పాలలో 'బరిస్టా' అని రాసి ఉన్నవి కొనండి. పులుపును తట్టుకునేలా వాటిలో ఫాస్ఫేట్ లవణం కలుపుతారు. డికాక్షన్‌ను 2 నిమిషాలు చల్లారనిచ్చి, పాలను గోరువెచ్చగా చేసి, పాలలోకి డికాక్షన్‌ను సన్నని ధారగా పోయండి. పిల్లవాడికైతే పొడి సగమే వేయండి.

ప్రశ్న: మా బోరు నీళ్లతో డికాక్షన్ పెడితే పైన తెట్టు కడుతోంది.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నీళ్లలోని కాల్షియం టీలోని పాలీఫినాల్స్‌తో, అంటే టీకి వగరునిచ్చే పదార్థాలతో, కలిసి కట్టే పొర అది. రంగు మబ్బుగా ఉంటుంది, రుచి చప్పబడుతుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి.

ప్రశ్న: ఆఫీసు నుంచి రాగానే లాటే, భోజనం అవగానే మరోటి తాగుతున్నాను. డికాక్షన్ ఒకేసారి చేసి దాచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ తాగవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అన్నం, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. రక్తహీనత ఉన్నవాళ్లు దీన్ని గట్టిగా పాటించాలి. మీ రెండో కప్పును ఆ గంట తర్వాతకు జరపండి.

డికాక్షన్‌ను పాలు కలపకుండా, వడకట్టి, చల్లారిన వెంటనే గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు బాగుంటుంది. చల్లబడ్డాక మబ్బుగా కనిపిస్తే పాడైందనుకోకండి. కెఫీన్, పాలీఫినాల్స్ కలిసి అలా అవుతుంది, వేడిచేస్తే తేటపడుతుంది. మళ్లీ మరిగించకుండా ఆవిరి వచ్చేదాకా వేడిచేస్తే చాలు. యాలకుల పొడి మాత్రం తాగేముందు తాజాగా వేసుకోండి.