స్కార్పియో షాఫ్ట్ మార్చే ముందు ఇది చదువు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశా. స్కార్పియోకి అల్యూమినియం ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల్ని తిప్పే పొడుగు గొట్టం) వేయిస్తా, దాన్ని మధ్యలో పట్టుకునే సెంటర్ బేరింగ్ కూడా రబ్బరుది తీసేసి గట్టి పాలీయురేథేన్‌ది పెట్టిస్తా, పికప్ పెరుగుద్ది కదా మామా అని అడిగావ్. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు బళ్ల కింద పడుకున్నోణ్ణి, ఉన్నమాట చెప్తా విను. షాఫ్ట్ తేలికైతే ఇంజన్‌కి ఒక్క హార్స్‌పవర్ కూడా కొత్తగా రాదు. అది సన్న గొట్టం, టైరంత వెడల్పు ఉండదు కాబట్టి దాన్ని తిప్పడానికి ఇంజన్ పడే కష్టమే తక్కువ, అందులో సగం తగ్గినా సీట్లో కూర్చున్నోడికి తెలీదు.

నీకు అసలు బాధ వణుకు అని నాకు తెలుసు, మీ అమ్మ చెప్పింది. ముందు అదెక్కడిదో పట్టుకో. ఫస్ట్ గేర్‌లో క్లచ్ వదలగానే కింద గుడగుడమని వణికి, స్పీడ్ అందుకోగానే ఆగిపోతే సెంటర్ బేరింగ్ రబ్బరు మీద అనుమానం పెట్టుకో. 80, 90లో వస్తుంటే ఖాళీ రోడ్డు చూసుకుని న్యూట్రల్‌లో వదిలి చూడు, అయినా వణుకుతుంటే ఇంజన్‌ది కాదు, షాఫ్ట్‌దో టైర్లదో. 100లో పోతుంటే టైరు నిమిషానికి 700 చిల్లర సార్లు తిరుగుద్ది, డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో గేర్ల డబ్బా) రేషియో 4 అనుకుంటే, అంటే టైరు ఒక రౌండ్‌కి షాఫ్ట్ నాలుగు రౌండ్లు తిరిగితే, షాఫ్ట్ దాదాపు 2,900 సార్లు. అందుకే టైరు వణుకు స్టీరింగ్‌లో మెల్లగా ఊగినట్టుంటది, షాఫ్ట్‌ది మాత్రం తుమ్మెద రొదలాగా అరికాళ్లలో తెలుస్తుంది.

షాఫ్ట్ విప్పేముందు ప్రతి జాయింట్ దగ్గరా తెల్ల పెయింట్‌తో గీత పెట్టు. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు గీత పెట్టకుండా ఒక బండి షాఫ్ట్ విప్పి, స్ప్లైన్ (షాఫ్ట్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ల జాయింటు) ఒక పన్ను పక్కకి ఎక్కించేశా, అన్నీ కొత్త సామాన్లే వేసినా బండి గుంటూరు దాకా వణుకుతూనే పోయింది, ఓనర్ తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. క్రాస్, అంటే షాఫ్ట్ వంగి తిరగడానికి పెట్టే ప్లస్ ఆకారం జాయింటు, వంపులో తిరిగేటప్పుడు స్పీడ్ ఒక రౌండ్‌కి రెండుసార్లు పెరిగి తగ్గుద్ది, దాన్ని అవతలి క్రాస్ సరిచేయాలి, యోకులు (క్రాస్‌ని పట్టుకునే ఫోర్కు లాంటి కొసలు) ఒకే వరసలో లేకపోతే సరిచేయకపోగా ఇంకా పెంచుద్ది. సెంటర్ బేరింగ్ బ్రాకెట్ కింద వాషర్లుంటే అవి కూడా ఎక్కడివక్కడే పెట్టించు, పనికిరానివిలే అని పారేస్తారు కొందరు, షాఫ్ట్ వంపు సెట్ అయ్యేది వాటితోనే.

ఇంకోటి రా, ప్రాణాల మీదకొచ్చేది. షాఫ్ట్ ఊడదీశాక గేర్‌లో ఉన్నా బండి ఆగదు, దొర్లిపోద్ది. చక్రాలకి రాళ్లు పెట్టి, స్టాండ్లు వేశాకే కిందకి దూరు, ఒట్టి జాకీని నమ్మొద్దు.

కొత్త క్రాసులని సుత్తితో కొట్టనీకు, వాటి కొసల కప్పుల లోపల సూదుల్లాంటి రోలర్లు ఒక్కటి పడిపోయినా కప్పు సరిగ్గా కూర్చోదు, ప్రెస్‌లోనో వైస్‌లోనో పెట్టి ఎక్కించమను. గ్రీజు నాలుగు కప్పుల్లోంచీ బయటికి కనపడేదాకా కొట్టాలి. బోల్టులు కంపెనీవే వాడు, షాపులో దొరికిన మామూలు బోల్టులు వద్దు. తర్వాత షాఫ్ట్ మొత్తం మెషిన్ మీద బ్యాలెన్స్ చేయించు, గొట్టం మీద అతికించి ఉన్న చిన్న రేకు ముక్కలు తుప్పనుకుని గీకేయొద్దు, బ్యాలెన్స్ కోసం పెట్టినవే అవి.

పాలీ బేరింగ్ మాత్రం వద్దనే అంటా, రబ్బరు మింగే వణుకంతా ఫ్లోర్‌లోకి వచ్చేస్తది, మీ ఆవిడ రెండో రోజే బండెక్కనంటది. బండి ఎత్తు పెంచావా ఏమన్నా? పెంచితే షాఫ్ట్ వంపు మారుద్ది, ముందు అది చెప్పు.

తీసిన పాత బేరింగ్ పారేయకు, పండక్కి వచ్చేటప్పుడు పట్టుకురా. రబ్బరు ఎటువైపు చిరిగిందో ఒకసారి చూడాలి.

మీ మామ