తరుగు రాసిన చెయ్యి

తమ్ముడికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నీ కథ పీడీఎఫ్‌ని ఫోన్లో చదవడం నా కళ్ళతో అయ్యే పని కాదు. గాంధీ బొమ్మ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. పేజీ 2 రూపాయలు, మొత్తం 17 పేజీలు. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ మొదలుపెట్టాను, ఆరో పేజీలో కోపం వచ్చి బల్ల మీద పడేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్ళీ తీస్తే, పదకొండో పేజీలో ఆ వాక్యం కనబడింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట రెండో రాత్రి, ట్రాక్టరులోంచి వచ్చే కాయల వాసన తియ్యగా మారేకొద్దీ ఆ రైతు మొహం మాడిపోతూ వచ్చిందని రాశావే, అది. మాగిన మామిడి వాసనకి భయపడే మనిషిని నేను ఇంతవరకూ ఏ కథలోనూ చూడలేదు. ఈ ఉత్తరం ఆ వాక్యం పుణ్యమే. మెచ్చుకోలు ఇంతటితో సరి.

ఇప్పుడు ఆరో పేజీకి వద్దాం. ఏసీ గది, నాలుగు ఉంగరాల ఓనరు, పెదవుల మీద క్రూరమైన నవ్వు. కిటికీలోంచి ట్రాక్టర్ల వరస చూసి "చావనీ" అంటాడు. నువ్వు ఎప్పుడైనా పల్ప్ ఫ్యాక్టరీ ఓనర్ని దగ్గర నుంచి చూశావా? నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. ఒకాయన భోజనానికి ముందు బీపీ మాత్ర వేసుకుంటాడు. బ్యాంకు మేనేజరు ఫోను చేస్తే లేచి నిలబడి మాట్లాడతాడు. పోయిన ఏడాది గుజ్జు అమ్ముడుపోక డ్రమ్ములు గోడౌన్లోనే ఉన్నాయని, కొత్త కాయ కొని ఏం చేసుకోవాలని అడుగుతాడు. అందులో ఎంత నిజమో తర్వాత చూద్దాం, టెన్షన్ మాత్రం నిజం. అట్లాంటి మనిషే రైతుకి కిలోకి రెండు రూపాయలు తగ్గిస్తాడు. నువ్వు రాయాల్సింది ఆ మనిషిని. ఉంగరాల మనిషిని రాయడానికి నువ్వక్కర్లేదు, సినిమావాళ్ళున్నారు.

ఈ ముసలాయన ఓనర్ల పక్షం పోయాడని అనుకుంటున్నావేమో. ఆగు. కథతో పంపిన చీటీలో నువ్వు మార్క్స్ పేరు మూడుసార్లు రాశావు. 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటానికి ఆయన రాసుకున్న ముందుమాట చదువు, అదొక్కటి చాలు. పెట్టుబడిదారుణ్ణి, భూస్వామిని గులాబీ రంగులో చూపించలేదని చెబుతూనే, ఈ సంబంధాలకు ఒక్కొక్క మనిషిని పట్టుకుని బాధ్యుణ్ణి చెయ్యడం తన పద్ధతి కాదన్నాడు. అంత కోపం ఉన్న మనిషి కూడా ఉంగరాల జోలికి పోలేదు. ఎందుకంటే ఓనరు దుర్మార్గుడు కాబట్టి రైతు మోసపోయాడని రాసిన రోజు, మంచి ఓనరు వస్తే సరిపోతుందని కూడా మనమే ఒప్పుకున్నట్టు.

ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు.

1983లో నేను చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తాని. డిగ్రీలో రెండు పేపర్లు పోయాయి, ఇంట్లో చెల్లెలు చదువుకుంటోంది, జీతం 250 రూపాయలు. బండ్లు తెల్లారకముందే వచ్చేవి. కాటా పక్కన నాకొక చిన్న బల్ల, దాని మీద కార్బన్ పేపరు పెట్టిన బిల్లు పుస్తకం. బెల్లం జిగురు వేళ్ళకంటుకుని పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి, ఉమ్ము తడి చేసి విడదీస్తే నోరంతా తీపి. చెవి చుట్టూ ఈగలు. హమాలీ తూకం కేక పెడతాడు, నేను రాస్తాను. వాడు 52 అని అరిస్తే నేను 50 రాయాలి. గోనె బరువు, తేమ, తరుగు, ఏ పేరైనా పెట్టుకో, రెండు కిలోలు. రైతు నా ఎదురుగానే నిలబడి ఉంటాడు. నా పెన్ను కదిలేదాన్నే చూస్తాడు గాని, నా మొహంలోకి చూడడు. మొదటి వారం ఇబ్బందిగా ఉండేది, రెండో నెలకి తూకం చెవిన పడగానే చెయ్యి తనంతట తానే రెండు తీసేసి రాసేది.

ఆ రోజుల్లోనే కథ రాశాను. నీ కథలాంటిదే. మండీ యజమాని పొట్ట, తాంబూలం ఎర్రదనం నోట్లో రక్తంలా, అన్నీ ఉన్నాయి. ఒక వారపత్రికలో అచ్చయింది. 40 రూపాయలు మనియార్డరు వచ్చింది, అది మండీ అడ్రసుకే వచ్చింది చూడు, నా తెలివి. యజమాని పత్రిక తెప్పించి చదివాడు. మధ్యాహ్నం అన్నాలప్పుడు పిలిచాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"బాగా రాసినావప్పా," అన్నాడు. "నన్ను రాక్షసుణ్ణి చేసినావు, కానీలే. తరుగు ఎందుకు తీస్తామో మాత్రం రాయలేదే?"

నేను నోరు మెదపలేదు.

"నేను మానేసినాననుకో. రైతులకి అడ్వాన్సు ఇచ్చేదానికి నా దగ్గర దుడ్లుండవు. అడ్వాన్సు లేకుంటే వచ్చే ఏడు ఆ బండి ఎదురు మండీకి పోతాది. ఆడ తరుగు మూడు కిలోలు." మజ్జిగ కలుపుకుంటూ ఇంకో మాట అన్నాడు. "అదట్లుండనీ. నీ కథలో గుమాస్తా యాడబ్బా? తరుగు రాసేది ఎవురు మరి?"

నా చెల్లెలి కాలేజీ ఫీజు కట్టింది ఆయనే. అడక్కుండా కట్టాడు. ఆ డబ్బు ఆ రెండు కిలోల్లోంచే వచ్చి ఉంటుంది. ఆయన మంచివాడా చెడ్డవాడా అని ఇప్పుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు, కానీ కథలోంచి నేను తప్పించుకున్నాననేది మాత్రం ఆ మజ్జిగన్నం దగ్గర తెలిసింది.

దాన్ని తిరిగి రాశాను. గుమాస్తా చెప్పే కథగా, తూకాలతో, ధరలతో, ఫీజు రసీదుతో సహా. ఆ వారపత్రిక సంపాదకుడే వెనక్కి పంపాడు, వర్గశత్రువు మరీ మెత్తగా ఉన్నాడట. ఇంకో పత్రికకి పంపితే, లెక్కలు ఎక్కువైనాయి, పాఠకులకి లెక్కలంటే పడదన్నారు. రోజూ కూరగాయల దగ్గర రూపాయి కోసం బేరమాడే పాఠకులకి లెక్కలంటే పడదట! ఆ తర్వాత 1991 వచ్చింది, ఆర్థిక సంస్కరణలతో గాలి మారింది. అదే రకం పత్రికల్లో అదే యజమాని హీరో అయ్యాడు, వంద రూపాయలతో బయల్దేరి కోట్లు సంపాదించిన మహానుభావుడు. ఆ వంద ఎవరిచ్చారో, కోట్లలో తరుగెంతో అప్పుడూ ఎవరూ అడగలేదు. మన సీమవాళ్ళకి ఇంకో శిక్ష కూడా ఉంది, కరువు గానీ కక్ష గానీ లేకపోతే అది సీమ కథే కాదంటారు. మన దగ్గర మామిడి తోటలు లేనట్టు, బ్యాంకు అప్పులు లేనట్టు. సరే, ఈ ఏడుపు ఎప్పుడూ ఉండేదే.

నీ 17 పేజీల్లో రూపాయల్లో ఒక్క అంకె లేదు, గమనించావా? "గిట్టుబాటు కాని ధర" అని నాలుగుసార్లు రాశావు. ఎంత? 2025 సీజన్లో బెంగుళూరా కాయకి, అదే పేపర్లవాళ్ళు తోతాపురి అంటారే దానికి, ప్రభుత్వం కిలోకి 12 రూపాయలని చెప్పింది. అందులో ఫ్యాక్టరీవాళ్ళు ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ 8 రూపాయలు నిజంగా ఎవరి చేతికి ఎంత వచ్చింది, ర్యాంపులో, అంటే వ్యాపారులు కాయ కొనే చోట, అమ్మినవాడికి ఎంత, టోకెన్ దొరికి గేటు లోపలికి పోయినవాడికి ఎంత, ఎన్ని రోజులకు ఖాతాలో పడింది? నీ కథ అక్కడుంది. కోసిన కూలి, ట్రాక్టరు బాడుగ, వరసలో నిలబడినందుకు వెయిటింగు, ఎండకి దిగిన బరువు, కాటా దగ్గర తరుగు. ఇవన్నీ తీసేస్తే మిగిలిన అంకె ఒక్కటి రాసి పెట్టు. దాని పక్కన ఓనరు నవ్వినా ఏడ్చినా పెద్ద తేడా ఉండదు.

ఇంకొక సంగతి నువ్వు వదిలేశావు. ఆ జూన్‌లోనే పక్క రాష్ట్రాల తోతాపురి మన జిల్లాలోకి రాకూడదని ఆర్డరు వేశారు. సరిహద్దులో లారీలు ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతుదీ అదే కాయ, అదే అప్పు, వాడి కాయ కూడా ఏళ్ళ తరబడి మన ఫ్యాక్టరీలకే వచ్చేది. చెక్‌పోస్టు దగ్గర వాడి లారీ ఆగినప్పుడు ఈ పక్క ట్రాక్టరు మీద కూర్చున్న మన రైతుకి ఎట్లా అనిపించింది? సంతోషపడి ఉంటాడు. మీ నాయన కూడా సంతోషపడి ఉంటాడు, అడుగు. తర్వాత ఏమనిపించిందో కూడా అడుగు. నీ కథలో రైతులందరూ ఒకటే, ఓనర్లందరూ ఒకటే. ఇట్లా రాస్తే ఊరేగింపు అవుతుంది.

చీటీ చివర అడిగావు, రచయిత లెఫ్టా రైటా ముందే తేల్చుకోవాలా అని. ఆ మాటలు పుట్టిందే కుర్చీల దగ్గర. 1789లో ఫ్రాన్సు సభలో రాజుకి వీటో, అంటే సభ చేసిన చట్టాన్ని ఆపే హక్కు, ఉండాలన్నవాళ్ళు అధ్యక్షుడికి కుడి పక్కన, వద్దన్నవాళ్ళు ఎడమ పక్కన చేరారు. అది సభ లోపల కూర్చోవడానికి చోటున్నవాళ్ళ సంగతి. గేటు బయట రెండు రాత్రులు నిలబడ్డవాడు కుడా ఎడమా? మన ఊళ్ళో టీ అంగడి దగ్గర చిత్తూరు సహకార డెయిరీ 2002లో ఎందుకు మూతపడిందని అడిగి చూడు. పదిమంది పది కారణాలు చెబుతారు. విన్నాక నీకు డెయిరీ గురించి ఏమీ తెలియదు, ఎవరు ఏ పార్టీకి ఓటేస్తారో మాత్రం ఒక్కరు తప్పకుండా తెలిసిపోతుంది. జనం ముందు పక్షం ఎంచుకుని తర్వాత కారణం వెతుక్కుంటారు. రాసేవాడు కూడా అదే పని చేస్తే, టీ తాగి ఇంటికి పోవచ్చు, కాగితం ఖర్చెందుకు?

మార్కెట్ అంటే ప్రాణమిచ్చేవాళ్ళు పెద్దాయనగా చెప్పుకునే ఆడమ్ స్మిత్ సంగతి చూడు. గ్లాస్గోలో ఆయన పాఠం చెప్పింది నీతిశాస్త్రం. ఒకే వ్యాపారం చేసేవాళ్ళు సరదాకి కలిసినా ఆ కబుర్లు చివరికి జనం మీద కుట్రగానో, ధర పెంచే ఎత్తుగానో తేలతాయని 1776లోనే రాసి పెట్టాడు. ఫ్యాక్టరీలన్నీ ఒకే రోజు ఒకే ధర చెప్పాయని మన రైతులు మొత్తుకునేది ఈ సంగతే గదా, కాకపోతే వీళ్ళది కొనేవాళ్ళ కూటమి, తగ్గించే ఎత్తు. ఆ మాట చెప్పడానికి నువ్వు ఎడమ పక్కనే కూర్చోవాల్సిన పని లేదు. కాటా ఎటు పక్క నిలబడి చూస్తున్నావో చెప్పు, నాకదే కావాలి.

అసలు నాకు కోపం తెప్పించిందేమిటో ఇప్పుడు చెబుతాను. చీటీలో నీ గురించి ఒక్క వాక్యం రాశావు, పుత్తూరు నుంచి రోజూ కంపెనీ బస్సులో శ్రీసిటీ ఫ్యాక్టరీకి పోయి లైన్ సూపర్‌వైజరుగా చేస్తున్నానని. కింద నలభై మంది ఆడపిల్లలు కాంట్రాక్టు మీద పనిచేస్తారని. ఆ వాక్యం తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టి, పీడిత ప్రజల గురించి మొదలుపెట్టావు! మీ నాయన ట్రాక్టరు గురించి 17 పేజీలు, నీ లైను గురించి ఒక వాక్యం. బాత్రూముకి పోతే ఎన్ని నిమిషాలు, టార్గెట్ తప్పితే ఎవరి పేరు ఎవరు పైకి పంపుతారు, షిఫ్టు అయిపోయాక పది నిమిషాలు ఆపితే ఆ పది నిమిషాలు ఎక్కడ రాస్తారు? 2025 జూన్‌లో మన మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని గంటల పరిమితి 9 నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది. పేపర్లో రెండు కాలమ్‌ల వార్త. ఆ గంట నీ లైనులోకి ఎట్లా వస్తుందో, వస్తే రిజిస్టరులో రాసేది ఏ చెయ్యో నీకంటే బాగా తెలిసినవాడు తెలుగులో రాసేవాళ్ళలో ఎంతమంది ఉన్నారు?

నీది కూడా గుమాస్తా ఉద్యోగమే. నువ్వు చెడ్డవాడివని అనడం లేదు. ఇంటి అప్పు తీరాలి, మీ నాయన ట్రాక్టరు వెయిటింగుకి ఇచ్చిన డబ్బు కూడా బహుశా నీ జీతంలోంచే పోయి ఉంటుంది. అట్లయితే చూడు, ఆ నలభై మంది నిలబడ్డ పది నిమిషాలకీ, గేటు బయట మీ నాయన నిలబడ్డ రెండు రాత్రులకీ ఎక్కడో ఒక చోట లెక్క కలుస్తుంది. దాన్ని కలపడానికి నువ్వు తప్ప ఇంకెవరూ లేరు.

మిగతావి కూడా అడిగావు. పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా, మాండలికం ఎంత ఉండాలి, పుస్తకం వేస్తే ఎవరు కొంటారు. పోటీల గురించి నన్ను అడగొద్దు, మంచి మాట రాదు. తక్కినవి ఇప్పుడు అవసరం లేదు.

మా ఆవిడ కూడా చదివింది. పద్నాలుగో పేజీ మార్జిన్లో పెన్సిలుతో రాసింది ఆమే. రెండు రోజులు ట్రాక్టరులో ఎండిన బెంగుళూరా కాయకి ఉప్పూ కారం అద్దుకుని ఎవరూ తినరట, అది పచ్చికాయప్పటి ముచ్చటట. దిద్దుకో.

ఆరో పేజీ కొట్టేశాను, పదకొండో పేజీకి ఏమీ చెయ్యలేదు. తిరిగి రాశాక ఆదివారం చూసుకుని రా, కాణిపాకం బస్సెక్కితే మా వీధి మొదట్లోనే ఆపుతారు. కాయలూ స్వీట్లూ తేవద్దు, మా ఇద్దరికీ షుగరు. ప్రింటుకైన 34 రూపాయలు మాత్రం తీసుకురా.

ఇట్లు
మీ అన్న
చిత్తూరు