వెనక్కి వెళ్ళనివ్వని టెస్ట్

ప్రశ్న: నమస్తే అండీ, డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ప్రతి శనివారం మూడిల్‌లో, అంటే ఆన్‌లైన్‌లో పాఠాలు, టెస్టులు పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో, టెస్ట్ పెడతా, 20 ప్రశ్నలు 20 నిమిషాలు, కాపీ కొట్టకుండా వెనక్కి వెళ్ళే వీలు తీసేశా. మొన్న ఒకమ్మాయి మధ్యలో నెట్ పోయి ఏడ్చేసింది. క్లాసులో టకటకా చెప్పేవాళ్ళకి కూడా టెస్ట్ అంటే చేతులు వణుకుతున్నాయట. ఎలా మార్చమంటారు?

జవాబు: మేడమ్, పిల్లల్ని తిట్టకుండా టెస్ట్‌ని మార్చాలనుకున్నారు, చాలా సంతోషం. ముందు ఆ వెనక్కి వెళ్ళనివ్వని సెట్టింగ్ తీసెయ్యండి. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకి 3 గంటలు, జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకి 3 గంటలు, అంత పెద్ద పరీక్షల్లోనే రానిది వదిలేసి తర్వాత వచ్చి చూసుకోవచ్చు కదా, మన వారం టెస్ట్‌లో ఎందుకు వద్దు చెప్పండి. ఇక మళ్ళీ చూడలేను అనుకోగానే తర్వాతి ప్రశ్న చదువుతున్నా మనసు పోయినదాని దగ్గరే ఉంటుంది.

కాపీ సంగతంటారా, ఒక్కో పాఠానికి 60, 70 ప్రశ్నలు క్వశ్చన్ బ్యాంకులో వేసుకుంటే మూడిలే ఒక్కొక్కరికి వేరేవి తీసి ఇస్తుంది. రాసేటప్పుడు ఒళ్ళు హూనమే, కానీ వచ్చే ఏడూ అవే పనికొస్తాయి.

టైమ్ పెట్టే ముందు మీరే ఒకసారి ఫోన్‌లో రాసి చూడండి, కంప్యూటర్లో కాదు. చిన్న స్క్రీన్ మీద బ్యాలెన్స్ షీట్ పైకీ కిందకీ జరుపుకుంటూ చదవడానికే నిమిషం పోతుంది. మీకు పట్టినదానికి రెండింతల పైనే ఇవ్వండి.

నెట్ పోతే ఏమవుతుందో పిల్లలకి ముందే చెప్పాలి, ఇది చాలామంది లెక్చరర్లు మర్చిపోతారు. కాలేజీవాళ్ళు ఆపెయ్యకపోతే మూడిల్ రాసినవి మధ్యమధ్యలో తనే సేవ్ చేస్తుంది, మళ్ళీ లాగిన్ అయితే ఉంటాయి, టైమర్ మాత్రం ఆగదు. అందుకే నెట్ పోయిన ఒక్కరికే టైమ్ పెంచే ఓవర్‌రైడ్ ఉంది, అది వాడండి. మొదటి శనివారం మార్కుల్లేకుండా ఐదు తేలిక ప్రశ్నలు పెట్టి, కావాలనే మధ్యలో నెట్ ఆపించి మళ్ళీ ఎక్కమనండి, కళ్ళారా చూస్తే నమ్ముతారు.

ఇంకోటి మేడమ్, 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఉంది. పాఠం మళ్ళీ చదివినవాళ్ళకి 5 నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది, కానీ వారం తర్వాత చూస్తే, చదివాక గుర్తున్నది రాసినవాళ్ళదే పైచేయి. అంటే టెస్ట్ రాయడం కూడా చదవడమే కదా, మరి ఒక్కసారికే మార్కు ఖాయం చెయ్యడం దేనికి? రెండుసార్లు రాయనిచ్చి ఎక్కువ వచ్చినదే తీసుకోండి, తప్పయిన చోట ఎందుకు తప్పో ఒక లైన్ రాయండి.

ఇవన్నీ చేశాక కూడా ఎవరికైనా నిద్ర పట్టట్లేదు, అన్నం సయించట్లేదు అంటే కూర్చోబెట్టి మాట్లాడండి, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు. ఆ ఏడ్చిన అమ్మాయికి మాత్రం శనివారం దాకా ఆగకుండా రేపే మళ్ళీ టెస్ట్ తెరిచి ఇవ్వండి.