పెద్ద టీవీ కొంటే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ప్రశ్న: నమస్తే అండీ, మాది కరీంనగర్. ఇంట్లో ఉన్నది పాత 32 అంగుళాల టీవీ. 65 అంగుళాలది తీసుకుందామని షోరూమ్‌కు వెళ్తే మామూలు ఎల్ఈడీ 60 వేలు, మినీ ఎల్ఈడీ 90 వేలు, ఓఎల్ఈడీ లక్షా 55 వేలు చెప్పారు. "ఓఎల్ఈడీకి కరెంటు తక్కువ కాలుతుంది, ఎక్కువ పెట్టిన డబ్బు బిల్లులోనే వచ్చేస్తుంది" అన్నాడు అక్కడి కుర్రాడు. మాకు నెలకు 180 యూనిట్ల దాకా అవుతుంది. నాన్నగారు పొద్దున, సాయంత్రం కలిపి మూడు గంటలు న్యూస్ చూస్తారు, రాత్రి ఇంకో రెండు గంటలు సీరియళ్లో సినిమాలో నడుస్తాయి. ఏది కొనమంటారు?

జవాబు: ఆ మాట నమ్మి మాత్రం ఓఎల్ఈడీ కొనకండి. అది చాలా మంచి టీవీయే, కానీ కరెంటు ఆదా కోసం కొనే వస్తువు కాదు. లెక్క మీరే వేసుకోవచ్చు. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. 65 అంగుళాల మామూలు ఎల్ఈడీ సుమారు 130 వాట్లు తీసుకుంటుంది, ఓఎల్ఈడీ బొమ్మను బట్టి పెరుగుతూ తగ్గుతూ సగటున 120 దగ్గర ఉంటుంది, మినీ ఎల్ఈడీ (తెర వెనక చిన్న చిన్న లైట్లు చాలా ఎక్కువగా ఉండే ఎల్ఈడీ) వెలుతురు బాగా పెంచుకుని చూస్తే 180 దాకా పోతుంది. మోడల్‌ను బట్టి మారినా అంచనాకు ఇవి చాలు. రోజుకు ఐదు గంటలంటే నెలకు 150 గంటలు, అంటే ఎల్ఈడీకి ఇరవై యూనిట్ల లోపు, ఓఎల్ఈడీకి 18, మినీ ఎల్ఈడీకి 27. యూనిట్ ఐదు రూపాయలనుకుంటే ఎల్ఈడీకీ ఓఎల్ఈడీకీ తేడా నెలకు ఏడెనిమిది రూపాయలు, ఏడాదికి 90. ధరలో తేడా 95 వేలు. అది బిల్లులో తిరిగి రావాలంటే వెయ్యేళ్లు పడుతుంది.

అసలు ఖర్చు కరెంటులో లేదు, టీవీలోనే ఉంది. ఏడేళ్లు వాడతారనుకుందాం, రోజుకు ఐదు గంటల చొప్పున 12,775 గంటలు. 60 వేల టీవీ గంటకు 4 రూపాయల 70 పైసలు పడుతుంది, 90 వేలది ఏడు రూపాయలు, లక్షా 55 వేలది పన్నెండు దాటుతుంది. ఆ గంటకు కాలే కరెంటు రూపాయి కూడా కాదు. అందుకే ఎన్ని వాట్లు అని అడిగే ముందు ఎన్నేళ్లు రిపేర్ లేకుండా నడుస్తుంది, పాడైతే ఎంతవుతుంది అని అడగాలి. ఎల్ఈడీ టీవీలో ఎక్కువగా పోయేది వెనకాల లైట్ల పట్టీ, దాన్ని మార్చే మెకానిక్ మీ ఊళ్లోనే దొరుకుతాడు. ఏ రకం టీవీ అయినా ప్యానెల్ పోతే మాత్రం దాదాపు కొత్త టీవీ కొన్నట్టే, ఓఎల్ఈడీ అయితే ఆ దెబ్బ ఇంకా పెద్దది.

మీ విషయంలో కరెంటు దగ్గర చూసుకోవాల్సింది ఒక్కటుంది, స్లాబు. తెలంగాణలో నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయి ఆ 200కీ 5.10 చొప్పున, ఆ పై వందకు 7.70 చొప్పున కట్టాలి. 195 యూనిట్లకు కరెంటు చార్జీ 796 రూపాయలైతే 205కి 1,058, పది యూనిట్లకు 260 రూపాయలు పైనే! మీ పాత టీవీకి ఇప్పుడు ఏడెనిమిది యూనిట్లు పోతుంటాయి, దాన్ని తీసేసి మామూలు ఎల్ఈడీ పెడితే 192 దగ్గర ఆగుతారు, మినీ ఎల్ఈడీ అయితే సరిగ్గా 200 అంచున నిలబడతారు, ఎండాకాలంలో కూలర్ కాస్త ఎక్కువ తిరిగినా దాటేస్తారు. గృహజ్యోతి (200 యూనిట్ల దాకా కరెంటు ఉచితంగా ఇచ్చే తెలంగాణ పథకం) కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

టీవీకి కాలే కరెంటు తగ్గించుకునే దారి మీ చేతిలోనే ఉంది. మా 55 అంగుళాల ఎల్ఈడీకి ప్లగ్‌లో పెట్టే చిన్న పవర్ మీటర్ తగిలించి చూశాను. షోరూమ్‌లో పెట్టి చూపించే 'వివిడ్' మోడ్‌లో 138 వాట్లు, 'సినిమా' మోడ్‌కు మార్చగానే 82కు దిగింది. రెండు రోజులు కళ్లకు కొంచెం పసుపుగా అనిపించింది, తర్వాత అదే అలవాటైపోయింది. లైట్ల పట్టీ మీద వేడి కూడా తగ్గుతుంది కాబట్టి అది ఎక్కువ కాలం వస్తుంది.

ఇక ఓఎల్ఈడీ వద్దనడానికి ముఖ్య కారణం మీ నాన్నగారి న్యూస్. మా మేనమామ గారింట్లో నాలుగేళ్లుగా ఓఎల్ఈడీ ఉంది, రోజంతా ఒకే న్యూస్ చానెల్. ఈ మధ్య ఏదో సినిమాలో పసుపు రంగు చీర తెర నిండా వచ్చేసరికి కింద స్క్రోలింగ్ పట్టీ నీడలాగా, కుడివైపు మూల చానెల్ లోగో చదవగలిగేంత స్పష్టంగా కనిపించాయి. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, ఎప్పుడూ ఒకేచోట వెలిగే చుక్కలు ముందుగా అరిగిపోతాయి. కంపెనీకి ఫోన్ చేస్తే వారంటీలో రాదన్నారు, ఆయన ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. చీకటి గదిలో రకరకాల సినిమాలు చూసేవాళ్లకు దాన్ని మించింది లేదు, నలుపంటే నిజంగా నలుపే. మీ ఇంటికి అది సరిపోదు.

క్యూఎల్ఈడీ అని వేరే జాతిలా చెబుతుంటారు, అదీ ఎల్ఈడీయే, రంగుల కోసం క్వాంటమ్ డాట్ల (కంటికి కనబడనంత చిన్న కణాల) పొర అదనంగా ఉంటుంది. (2023లో రసాయన శాస్త్రం నోబెల్ ఇచ్చింది ఈ క్వాంటమ్ డాట్లకే.) ఐదారు వేల తేడాతో దొరికితే తీసుకోండి. మీ హాల్లోకి పగలు ఎండ నేరుగా పడుతుంటేనే మినీ ఎల్ఈడీ గురించి ఆలోచించండి, లేకపోతే 60 వేలదే చాలు. 32 అంగుళాలు దాటిన టీవీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేట్ల కాగితం చూపిస్తే ఒప్పుకోకండి.

ప్రశ్న: రాత్రి రిమోట్‌తో ఆపేసి వదిలేస్తే కరెంటు కాలుతుందని మా అత్తయ్య గోడ దగ్గర స్విచ్ కూడా కట్టేస్తారు. మాది ఓఎల్ఈడీ. ఇది మంచిదేనా? - ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అత్తయ్య గారి అలవాటు మంచిదేనమ్మా, కానీ మీ టీవీకి కొంచెం ఆగాలి. ఓఎల్ఈడీని రిమోట్‌తో ఆపాక అది లోపల కొద్ది నిమిషాలు తెరను తనే సరిచేసుకుంటుంది, మచ్చలు పడకుండా కాపాడే పని అదే. వెంటనే స్విచ్ కట్టేస్తే ఆ పని జరగదు. పావుగంట ఆగి కట్టేయమనండి. టీవీ ఊరికే ఉన్నప్పుడు కాలేది అర వాటు, నెలంతా కలిపి అర యూనిట్ కూడా కాదు. పక్కనున్న సెట్‌టాప్ బాక్సే అసలు కరెంటు తినేది, చాలా బాక్సులు రిమోట్‌తో ఆపినా పది వాట్ల దాకా లాగుతూనే ఉంటాయి, నెలకు ఏడు యూనిట్లు. దాన్ని రిమోట్‌తో ఆపగానే గోడ దగ్గర కూడా కట్టేయండి. ఉరుములు, మెరుపులు వచ్చేలా ఉంటే మాత్రం పావుగంట లెక్క చూడొద్దు, అవి మొదలవకముందే టీవీ ప్లగ్గూ డిష్ కేబులూ రెండూ పీకేయండి.