చిన్నాన్న సైటు వేగం పెంచాడు సరే, అది బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మాది కడప. ఎర్రముక్కపల్లెలో చిన్న స్టేషనరీ దుకాణం ఉంది. మా అబ్బాయి ఈ ఏడాదే బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాడు. నా తమ్ముడు ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అతని వెబ్‌సైటు ఫోనులో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని మావాడు నాలుగు రోజులు కూర్చుని సరిచేశాడు. ఇక అప్పటి నుంచి ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, మెకానిక్‌ల సైట్ల వేగం పెంచడమే తన పని అంటున్నాడు. బ్యాంకు పరీక్షల కోచింగ్ మానేశాడు. హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సుకు 60 వేలు కట్టమంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: ఆ 60 వేలు ఇప్పుడే కట్టకండి. అబ్బాయిని మాత్రం ఆపకండి.

వాడు పట్టుకున్నది పనికిరాని విషయమేమీ కాదు. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఒక ఇంట్లో ఏసీ ఆగిపోయిందనుకోండి. ఉక్కకు పసిబిడ్డ లేచి ఏడుస్తోంది. ఆ ఇల్లాలు ఫోను తీసి మెకానిక్ కోసం వెతుకుతుంది. మొదటి పేరు నొక్కితే తెల్లటి తెర, అది ఎంతకీ కదలదు. వెనక్కి వచ్చి రెండో పేరు నొక్కుతుంది. మీ దుకాణం గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన మనిషి మీ కంటికి కనిపిస్తాడు. ఇక్కడ బేరం పోయిన సంగతి మీ తమ్ముడికి తెలియనే తెలియదు. అందుకే ఇలాంటి లోపాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ నాలుగు రోజులూ అబ్బాయి ఏం చేసి ఉంటాడో నాకు కొంత అంచనా ఉంది. ఇలాంటిదే ఒక సైటును ఆ మధ్య ఒక విద్యార్థి నాకు చూపించాడు. మిద్దెలకు వాటర్‌ప్రూఫింగ్ చేసే కాంట్రాక్టరుది. పేజీ పైన ఐదు ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుంటాయి. అన్నీ ఫోను కెమెరాతో తీసి ఉన్నవి ఉన్నట్టే ఎక్కించినవి, ఒక్కోటి దాదాపు 4 ఎంబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ పరీక్ష, మొబైల్ వేగాన్ని అంచనా వేసేటప్పుడు సెకనుకు సుమారు 1.6 మెగాబిట్ల నిదానమైన నెట్‌ను ఊహించుకుంటుంది. 4 ఎంబీ అంటే 32 మెగాబిట్లు. మొదటి ఫోటో ఒక్కటే దిగడానికి 20 సెకన్లు! అదే ఫోటోను ఫోను తెరకు సరిపోయేంత కుదించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫోటో రూపంలోకి మార్చి 100 కేబీకి తెస్తే అర సెకను. మిగతా నాలుగు ఫోటోలు ఎవరూ చూడరు కాబట్టి తీసేయవచ్చు. తీసేయమంటే కాంట్రాక్టరు ఒప్పుకోకపోవచ్చు, అది వేరే కథ.

అంతకంటే పెద్ద పొరపాటు ఒకటి అదే పేజీలో ఉంది. ఫోన్ నంబరు అక్షరాల్లో లేదు, బ్యానరు బొమ్మలో కలిసిపోయి ఉంది. నొక్కితే కాల్ వెళ్ళదు. చూసి, గుర్తుపెట్టుకుని, పది అంకెలూ కొట్టాలి. పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటే ఏం లాభం?

గూగుల్ చెప్పే కొలతలు మూడే. పేజీలో అన్నిటికంటే పెద్ద బొమ్మ లేదా అక్షరాల భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. ఏదైనా నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. మూడోది, చూస్తుండగా పేజీ ఎగిరిపడకూడదు. మనం బటన్ నొక్కబోతుంటే పైన ఫోటో వచ్చిపడి ఆ బటన్ కిందికి జారిపోతుంది చూడండి, అదన్నమాట. ఫోటో వెడల్పు, ఎత్తు ముందే రాసిపెడితే చాలావరకు తగ్గుతుంది. రెండో కొలత మార్చి 2024లో మారింది. మొదటిసారి నొక్కినప్పటి ఆలస్యాన్నే కొలిచే పాత ఎఫ్‌ఐడీ స్థానంలో, పేజీలో ఎప్పుడు నొక్కినా వచ్చే స్పందనను చూసే ఐఎన్‌పీ వచ్చింది. మీరు 60 వేలు కట్టాలనుకుంటున్న కోర్సు పాఠ్యాంశాలను అబ్బాయిని ఒకసారి చూడమనండి. అందులో ఇంకా ఎఫ్‌ఐడీనే నేర్పుతుంటే ఆ పాఠాలు పాతబడ్డాయని అర్థం.

పేజ్‌స్పీడ్ పరీక్ష ఇచ్చే స్కోరు పిచ్చి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 100కు 100 తెచ్చానని చూపించే పిల్లలు నా దగ్గరకు చాలామందే వస్తారు. బొమ్మలన్నీ ఆలస్యంగా దిగేలా చేస్తే మంచిదని ఎక్కడో చదివి, పేజీ పైన కనిపించాల్సిన మొదటి బొమ్మను కూడా ఆలస్యం చేసినవాళ్ళున్నారు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో, పేజీ నకలును ముందే దాచిపెట్టి వేగంగా చూపించే క్యాషింగ్ ప్లగిన్లు (అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్ ముక్కలు) రెండు వేసి, అవి ఒకదానితో ఒకటి తగాదా పడి సైటే తెరుచుకోకుండా చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. మెకానిక్‌కు కావలసింది స్కోరు కాదు, ఫోను మోగడం. పైగా నిజమైన సందర్శకుల నుంచి గూగుల్ సేకరించే వేగం లెక్కలు, జనం బాగా వచ్చే సైట్లకే కనిపిస్తాయి. మీ తమ్ముడిలాంటివారి సైటుకు అవి దొరకడం కష్టం. కాబట్టి వచ్చిన కాల్స్‌ను అబ్బాయే లెక్కపెట్టుకోవాలి.

ఇక సంపాదన. ఇక్కడ మాత్రం నేను అబ్బాయి పక్షం కాదు. కడపలో ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లలో ఎక్కువమందికి అసలు వెబ్‌సైటే ఉండదు. గూగుల్ మ్యాప్స్‌లో పేరు, వాట్సాప్ నంబరు, పాత ఖాతాదారుల నోటి మాట, వీటితోనే వాళ్ళ పని నడుస్తుంది. లేని సైటుకు వేగం ఎలా పెంచుతాడు? వేసవిలో ఏసీ మెకానిక్ దగ్గరకు వెళ్ళి మీ సైటు నిదానంగా ఉందంటే, ఆయన నిచ్చెన మీద నుంచి దిగి వినే పరిస్థితి ఉండదు. సైటు మీద డబ్బు పెట్టేవారు ఇంటి ఇంటీరియర్లు చేసేవారు, చెదల మందు కొట్టేవారు, మిద్దెల మీద సోలార్ పలకలు బిగించేవారు. ఫిబ్రవరి 2024లో పీఎం సూర్యఘర్ పథకం మొదలై 78 వేల రూపాయల దాకా రాయితీ వస్తుండడంతో సోలార్ బిగించేవాళ్ళ కోసం జనం ఫోన్లలో వెతుకుతున్నారు. అబ్బాయి ముందుగా తట్టాల్సిన తలుపులు అవి. హైదరాబాద్, బెంగళూరుల్లో వెబ్‌సైట్లు చేసే చిన్న సంస్థలు కూడా ఇలాంటి పనిని బయటివారికి ఇస్తుంటాయి, కడపలో కూర్చునే చేయవచ్చు.

కానీ ఒక్క వేగం పెంచడమే వృత్తిగా పెట్టుకుంటే ఒక సైటుకు ఒకసారే డబ్బు. బావిలో పూడిక తీసినట్టు, మళ్ళీ పూడేదాకా పని ఉండదు. దాన్ని వర్డ్‌ప్రెస్ డెవలపర్, ఫ్రంట్‌ఎండ్ డెవలపర్ (సైటులో తెర మీద కనిపించే భాగాన్ని కట్టేవారు), టెక్నికల్ ఎస్‌ఈఓ (గూగుల్‌లో వెతికితే సైటు పైన కనిపించేలా సరిచేసే పని) వంటి ఉద్యోగాల్లోకి దారిగా చూడాలి. అందుకు వెబ్ పేజీలు రాసే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ గట్టిగా రావాలి. ప్లగిన్ వేయడం వచ్చినంత మాత్రాన చాలదు. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ నడిపే వెబ్.డెవ్, మొజిల్లా నడిపే ఎండీఎన్ సరిపోతాయి. ఇంగ్లిష్‌లో ఉంటాయి, మొదట్లో నిదానంగా సాగినా ఫర్వాలేదు. ఈ రెండింటితో ఆరు నెలలు కూర్చోలేని కుర్రవాడు 60 వేల కోర్సులోనూ కూర్చోలేడు.

ఆ ఆరు నెలల్లో మూడు సైట్లు సరిచేయమనండి. ఒకటి చిన్నాన్నది అయిపోయింది. ముట్టుకునే ముందు ప్రతిసారీ బ్యాకప్ తీసుకోవాలి, సొంత మనిషి సైటయినా సరే. మొదటి రెండింటికి డబ్బు అడగకపోయినా నష్టం లేదు, మూడోదానికి అడగాలి. అడగడం కూడా నేర్చుకోవలసిన విద్యే. మన పిల్లలకు చాలామందికి అక్కడే గొంతు పెగలదు. పని ఇప్పిస్తామని ముందుగా డిపాజిట్ కట్టమనేవాళ్ళు తగిలితే అక్కడితో మాట ఆపేయాలి.

కోచింగ్ మానేశాడని బెంగపడకండి. బ్యాంకు క్లర్కు పరీక్షకు 28 ఏళ్ళ వరకు, పీఓకు 30 ఏళ్ళ వరకు వయసు ఉంటుంది. ఇప్పుడే డిగ్రీ చేతికొచ్చిన కుర్రవాడికి ఆరు నెలలు పెద్ద లెక్క కాదు. అప్పటికీ మూడో సైటు దొరకకపోతే పుస్తకాలు మళ్ళీ తెరుస్తానని మాట తీసుకోండి. పొద్దున పూట మీ దుకాణం లెక్కలు కూడా చూడమనండి. వాడు చదివింది బీకాం కదా.

ఈలోగా మీ తమ్ముడిని ఒక విషయం అడగండి. సైటు సరిచేయకముందు వారానికి ఎన్ని కొత్త కాల్స్ వచ్చేవి, ఇప్పుడెన్ని వస్తున్నాయి? వేసవి కాబట్టి పెరిగాయేమో, పోయిన వేసవితో పోల్చి చెప్పమనండి. మునుపు పేజీ ఎన్ని ఎంబీలు, ఇప్పుడెన్ని, ఏమేం మార్చాడో అబ్బాయి ఒక పేజీలో రాసి ఆ కాల్స్ లెక్కతో కలిపి నాకు పంపమనండి. రెజ్యూమెలో దాన్ని ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను.