గేదె గోమారి కాదు బాబాయీ, అది గసగసాల గింజంత

సంక్రాంతికి కోనసీమలో మా ఊరికి వచ్చాను. బాబాయి గేదె చెవి మడిచి, గోమార్లు పీకి కిరసనాయిలు డబ్బాలో వేస్తున్నాడు. మే నెలలో పిన్నితో కలిసి న్యూజెర్సీలో మా తమ్ముడి దగ్గరికి ప్రయాణం. "పొద్దున్నే నడవడానికి అక్కడ పార్కులున్నాయిరా?" అన్నాడు. ఉన్నాయి, గోమార్లూ ఉన్నాయి అన్నాను. పకపకా నవ్వాడు.

కొత్తగా వెళ్ళినప్పుడు నేనూ అలాగే నవ్వాను. మన గేదె గోమారి రక్తం తాగి ఆముదపు గింజంత అవుతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడి నల్లకాళ్ళ గోమారి పిల్లదశలో గసగసాల గింజంత. కుట్టినా నొప్పి తెలియదు. అవి విజృంభించేది సరిగ్గా మే నుంచి జూలై దాకా, అంటే మన అమ్మానాన్నలు దిగే రోజుల్లోనే. వాటివల్ల వచ్చే లైమ్ జబ్బుకు ఆ పేరు కనెక్టికట్‌లోని ఒక ఊరి నుంచి వచ్చింది. 1970లలో అక్కడ చాలామంది పిల్లలకు కీళ్ళు వాచాయి.

అడవికి వెళ్ళడం లేదు కదా అనుకోకండి. ఈ గోమార్లను మోసే ఎలుకలు, జింకలు ఊరి పార్కుల్లోనూ తిరుగుతాయి. న్యూయార్క్ నగరంలోనే స్టాటెన్ ఐలండ్‌లో ఈ గోమార్లు స్థిరపడ్డాయి. లండన్ వెళ్ళేవాళ్ళకు రిచ్‌మండ్ పార్కూ అంతే. గోమారి ఎగరదు, దూకదు. గడ్డిపరక కొసన ముందుకాళ్ళు చాచుకుని కూర్చుంటుంది. పిన్ని చీర కుచ్చిళ్ళు తగిలితే చాలు. కాబట్టి బాట మధ్యలోనే నడవండి, రాలిన ఆకుల్లోకి వెళ్ళకండి. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ళ వెనుక, చంకల్లో, నడుము దగ్గర, జుట్టు మొదళ్ళలో తడిమి చూసుకోవాలి. విడిచిన బట్టలను ఉతకకముందే డ్రయ్యర్‌లో బాగా వేడి మీద 10 నిమిషాలు తిప్పండి.

మా నాన్నగారికి మోకాలి వెనుక ఒకటి పట్టింది. కిరసనాయిలు దొరక్క కొబ్బరినూనె పూసి, ఊడిపోతుందని కూర్చున్నారు. అది తప్పు. నూనె, నిప్పు, సున్నం ఏదీ వద్దు. సన్నమొన పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడగాలి. సాధారణంగా 24 గంటలకు పైగా పట్టుకుని ఉంటేనే లైమ్ అంటుతుంది కనుక తొందరగా తీయడమే సగం వైద్యం. గోమారిని తీసిన 72 గంటల్లోపు డాక్టరును కలిస్తే, అవసరమనుకుంటే ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు.

జబ్బు అంటితే 3 నుంచి 30 రోజుల్లో చాలామందికి మచ్చ లేచి పెద్దదవుతుంది. బొమ్మల్లో చూపించేది తెల్లవాళ్ళ ఒంటి మీది ఎర్రటి వలయం. మన చామనఛాయ మీద అది కమిలిన దెబ్బలా కనిపించవచ్చు, దురద కూడా పెద్దగా ఉండదు. ఈలోగా పెద్దవాళ్ళు తిరుగు విమానం ఎక్కేస్తారు. అమలాపురంలో జ్వరం, ఒళ్ళునొప్పులు అంటే డాక్టరు ముందు డెంగీ, టైఫాయిడ్ పరీక్షలే రాస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. అందుకే గోమారి కనిపించిన తేదీ, ఏ ఊళ్ళో పట్టిందో ఒక చీటీ మీద రాసి, బాబాయి మందుల డబ్బాలోనే పెట్టమని తమ్ముడికి చెప్పాను.