శాసనాన్ని కింది నుంచి చదువు

బిడ్డా స్రవంతీ,

ఎమ్మే ప్రాజెక్టుకు 'ఇంగ్లిషోళ్ళు రాకముందు మన సమాజం' అనే విషయం తీసుకున్నవని మీ అమ్మ చెప్పింది. 'ఎక్కడ మొదలుపెట్టాలె తాతా' అని నువ్వూ అడిగినవు. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతది, అందుకే రాస్తున్న.

ముందుగా ఆ 'రాకముందు' అనే మాట సంగతి తేల్చుకో. కోస్తా సర్కారు జిల్లాలు చాలామట్టుకు 1766 నాటికే ఇంగ్లిషోళ్ళ ఈస్టిండియా కంపెనీ దిక్కు పోయినయి. మన దగ్గర కథ వేరు. 1798లో నిజాం కంపెనీ ఫౌజును ఖర్చులు పెట్టుకొని మరీ తన రాజ్యంలోకి తెచ్చుకున్నడు. 1853లో సాలార్‌జంగ్ దివాన్ అయినంక శిస్తు లెక్కలు, జిల్లాలు మెల్లమెల్లగ మారినయి. ఇంగ్లిషోడు మన ఊర్లను నేరుగా ఏలింది లేదు, కానీ వాని నీడ పడకుండా కూడా లేదు. కాబట్టి నువ్వు ఏ ఏడు దగ్గర ఆగుతవో మొదటి పేజీలోనే రాసుకో. నన్నడిగితే కాకతీయుల ఓరుగల్లు కోట ఢిల్లీ ఫౌజుకు చిక్కిన 1323 దగ్గర ఆపు. అన్నీ నెత్తికెత్తుకుంటే నడుం విరుగుతది.

ఇక అసలు మాట. శాసనాన్ని కింది నుంచి చదువు.

శిల మీద పైన స్వస్తిశ్రీ అని మొదలైతది. దేవుని శ్లోకం, రాజు వంశం, బిరుదులు, శత్రువుల ఏనుగులకు ఆయన సింహం. మనం అక్కడనే మురిసిపోతం. దాని కింద శక సంవత్సరం, ఇచ్చినాయన పేరు, ఇచ్చిన భూమి, నాలుగు దిక్కుల హద్దులు, ఆఖరుకు ఈ ధర్మం చెడగొట్టినోడు నరకానికి పోతడనే శాపం. సమాజం కనపడేది ఈ కింది వరుసల్లోనే. ఏ చింతచెట్టు కాడ హద్దు తిరిగింది, వాగు ఎటు పోయింది, దీపానికి గానుగకు ఎంత నూనె, అంగడికి సరుకు మోసుకొచ్చిన పెరికెద్దు మీద ఎంత సుంకం, మడి ధర ఎన్ని మాడలు, అంటే అప్పటి నాణేలు.

ఈ మాట నాకు ఊరికే తెల్వలేదు. కొత్తగ కొలువులో చేరినప్పుడు సైకిల్ మీద ఒక ఊరి చెరువుకట్టకు పోయిన. శిల నడుం దాకా మట్టిలో ఉన్నది. పైన ఉన్న ప్రశస్తి, అదే రాజు పొగడ్త అంతా శ్రద్ధగ రాసుకున్న. ఎండ ముదిరింది, ఆకలైంది. మట్టి తీసి మిగతాది రేపు చూద్దామనుకున్న. ఆ రేపు వచ్చేసరికి నాలుగేండ్లు పట్టింది. అప్పటికి ఎవరో కట్టకు మరమ్మతు చేయించినరట, శిల కంకరైపోయింది. నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ సింహమే ఉన్నది. ఆ చెరువు కింద ఎవరు పండించుకున్నరో, తవ్వించినాయనకు ఏమిచ్చినరో మట్టిలోనే పోయింది.

ఏమిచ్చినరో అని ఎందుకంటున్ననంటే, చెరువు తవ్వించినోనికి దాని కింది భూమిలో పదో వంతు ఇచ్చే పద్ధతి ఉండె, దశబంధం అంటరు. రాజు ఖజానా ఒక్కటే చెరువులు తవ్వలేదు. రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు, రాజు కాదు, రాజు కింది సేనాని. కాకతీయ రాజు గణపతిదేవుని అక్కచెల్లెండ్లలో మైలాంబ బయ్యారం చెరువు తవ్వించింది. ఆమె శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉన్నది కాబట్టి పై వరుసలు వదిలెయ్యమని నేను చెప్తలేను సుమా. రెండూ చూడు, కిందిది ముందు చూడు.

పనిలో పని, తారీఖుల సంగతి. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లిషు ఏడు వస్తది. వేయిస్తంభాల గుడి శాసనం శకం 1084, అంటే 1162 రావాలె. కానీ అది మాఘమాసం, ఇంగ్లిషు లెక్కలో అప్పటికి కొత్త ఏడు పడ్డది, అందుకే 1163. మాసం చూడకుండా కలిపేస్తే మీ సార్ ఎర్ర పెన్ను తీస్తడు. శిల దగ్గరికి పొద్దున్నే పో, లేదా పొద్దుగూకేటప్పుడు. ఏటవాలు వెలుతురులో అరిగిన అక్షరం లేచి నిలబడతది. సుద్ద, పసుపు, సున్నం ఏదీ రుద్దకు.

కులాల విషయంలో తొందరపడకు. నువ్వు జనాభా లెక్కల డబ్బాలు పట్టుకొని పోతే శాసనం అందులో పట్టదు. సెట్టి, బోయ, రెడ్డి, నాయక అని పేర్ల చివర ఉంటయి, కానీ తండ్రికి ఒకటి, కొడుక్కు ఇంకోటి ఉన్న ఇండ్లు కూడా కనపడతయి. కాకతీయులే చాలా శాసనాలలో తాము నాలుగో వర్ణమని దాచకుండ చెప్పుకున్నరు. అట్లని అప్పుడు అందరూ సమానమని రాసేవు! శిల మీద పేరెక్కాలంటే ఇచ్చేటందుకు ఏమన్న ఉండాలె. కట్టకు మట్టి మోసినోళ్ళ పేర్లు ఏ శిల మీద వెతుకుతవు? వాళ్ళ దిక్కు చూడాలంటే మాదిగలకు కథ చెప్పే డక్కలోళ్ళ జాంబపురాణం, చేర్యాల బొమ్మల పటాల మీద చెప్పే కుల పురాణాలు వినాలె, ఆదిలాబాద్ గోండుల కథలు పాడే ప్రధాన్ తెగోళ్ళ దగ్గర కూసోవాలె. వాటి నుంచి తారీఖులు తియ్యకు, గౌరవం ఎవరికి దక్కాలని వాళ్ళు వాదించుకున్నరో అది తియ్యి.

ఇంకొకటి. 1830లో మెట్‌కాఫ్ అనే కంపెనీ అధికారి మన ఊర్లు చిన్న చిన్న రిపబ్లిక్కులని, తమకు కావలసినవన్నీ తమ దగ్గరే ఉంటయని, రాజ్యాలు మారినా అవి మారవని రాసిండు. మనోళ్ళు కూడా అది మెప్పనుకొని ఇప్పటికీ చెప్పుకుంటరు. నాకైతే ఒళ్ళు మండుతది. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చెటోళ్ళు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించిండు: తుపానుకు ఒడ్డునపడ్డ ఓడల సరుకంతా వెనుకటి రాజులు గుంజుకునెటోళ్ళు, మేము సుంకం తప్ప ఏదీ ముట్టం అని. ఓరుగల్లులో కూసున్న రాజుకు సముద్రం మీది ఓడ సంగతి ఎందుకు పట్టింది? ఒక అధ్యాయం మొత్తం ఈ ప్రశ్న మీద రాయొచ్చు నువ్వు.

దసరా సెలవులకు రా. బయ్యారం పోదాం. పొడుగు టేపు, నీళ్ళ సీసా, గీతల్లేని నోట్‌బుక్ తెచ్చుకో. నా మోకాలు కట్ట ఎక్కనియ్యదు, నేను మత్తడి కాడ కూసుంట. నువ్వు ఎక్కి ఒక్కొక్క అక్షరం గట్టిగ చదువు, నేను రాసుకుంట. ఈసారి కింది వరుస నుంచి.

మీ తాత
హన్మకొండ